కొండవాగులో దిగబోతున్నారా? ముందు ఈ సంగతులు తెలుసుకోండి

యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలకూ, అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న వారికీ, వారిని చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకూ ఒక కొత్త సరదా పరిచయమయింది. దాని పేరు కాన్యనింగ్. కొండ మీద పుట్టిన వాగు రాతిని కోసుకుంటూ ఇరుకైన గండి చేసుకుని కిందికి వస్తుంది కదా! ఆ గండిలోకి దిగి, నీటి వెంబడే మనమూ కిందికి రావడమే కాన్యనింగ్. నడవగలిగిన చోట నడవాలి. లోతున్న చోట ఈదాలి. నున్నటి బండ మీద పిల్లలు జారుడుబల్ల మీద జారినట్టు జారాలి. మడుగు కనిపిస్తే పైనుంచి దూకాలి. జలపాతం అడ్డమొస్తే తాడు ఆధారంగా దిగాలి. కడప జిల్లాలో గండికోట చూసినవారు పెన్నానది కోసిన ఆ గండిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అది ఎంతో విశాలం. కాన్యనింగ్ చేసే గండ్లు చాలాచోట్ల రెండు చేతులు చాస్తే అటూ ఇటూ గోడలు తగిలేంత ఇరుకు.

స్విట్జర్లాండ్‌లో రెండు సరస్సుల మధ్య ఉన్న ఇంటర్లాకెన్ అనే ఊరు ఈ సరదాకు పేరు పొందింది. పొద్దున్నే వెళితే మందపాటి రబ్బరులాంటి దుస్తులు, హెల్మెట్, నడుముకు బిగించే పట్టీలు ఇస్తారు. వ్యానులో కొండ మీదికి తీసుకెళ్తారు. గైడు ముందు నడుస్తాడు. మధ్యాహ్నానికో సాయంత్రానికో తిరిగి వచ్చి ఫొటోలు చూసుకోవచ్చు.

“ఇది ఆరోగ్య శీర్షిక కదా, ఇందులో విహారయాత్రల గొడవ ఎందుకు?” అంటారేమో. కారణం ఉంది. ఈ యాత్రకు బయలుదేరే ముందు మీ చేతికి ఒక కాగితం ఇస్తారు. మీకు గుండెజబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, మూర్ఛ వస్తుందా, గర్భవతులా, ఈమధ్య ఆపరేషన్ జరిగిందా, ఈత వచ్చా అని అందులో ప్రశ్నలుంటాయి. స్నేహితులు పక్కన నిలబడి “త్వరగా కానీ” అంటుంటారు. మనవాడు ఒక్క ప్రశ్న కూడా చదవకుండా అన్నింటికీ “లేదు” అని గుర్తుపెట్టి సంతకం గీకేస్తాడు. జేబులో ఉబ్బసం మందు పీల్చుకునే గొట్టం ఉన్నా సరే, “లేదు” అనే రాస్తాడు. ఉందని రాస్తే రానివ్వరేమోనని భయం. నలుగురిలో చిన్నతనమని మొహమాటం.

ఆ కాగితం గురించి చెప్పడానికే ఈ వారం ఈ వ్యాసం. గైడుకు వాగు తెలుసు. ఏ మడుగు ఎంత లోతో, ఏ బండ ఎక్కడ జారుతుందో తెలుసు. మీ ఒంట్లో ఏముందో మాత్రం అతనికి తెలియదు. అది చెప్పవలసింది మీరే. అతనికి తెలిసిన ప్రమాదం నుంచి అతను మిమ్మల్ని కాపాడగలడు. తెలియని దాని నుంచి ఎలా కాపాడతాడు? ఎందుకు చెప్పాలో అర్థం కావాలంటే, ఆ నీళ్ళలో మీ శరీరం ఏమవుతుందో ముందు తెలుసుకోవాలి.

మొదటి నిమిషం

మన బావినీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయనిపించినా సుమారు 25 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గవు. ఆల్ప్స్ కొండల్లో వాగునీరు కరిగిన మంచు నుంచి వస్తుంది. నడివేసవిలో కూడా అది 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఫ్రిజ్‌లో పెట్టిన మంచినీళ్ళ సీసాకు కాస్త అటూ ఇటూ అన్నమాట. నీటికి వేడిని లాక్కునే గుణం గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. అందుకే 10 డిగ్రీల గాలిలో స్వెట్టరు వేసుకుని హాయిగా తిరిగేవాడు అదే 10 డిగ్రీల నీళ్ళలో నిలవలేడు.

అంత చల్లటి నీరు ఒక్కసారిగా చర్మానికి తగలగానే మనిషి ప్రమేయం లేకుండా “హా” అని నోరు తెరిచి గాలి పీలుస్తాడు. ఆ తరువాత ఎగఊపిరి మొదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. దీన్ని చన్నీటి అదురు అనుకోండి. ఇది గట్టి మనిషికీ వస్తుంది, గజ ఈతగాడికీ వస్తుంది. “హా” అని పీల్చే ఆ క్షణంలో నోరు నీటికింద ఉంటే లోపలికి వెళ్ళేది గాలి కాదు, నీరు. చన్నీళ్ళలో మునిగిపోయేవారిలో కొందరు ఒళ్ళు చల్లబడేదాకా ఆగరు. మొదటి నిమిషంలోనే పోతారు.

అదృష్టవశాత్తు ఈ అదురు ఎక్కువసేపు ఉండదు. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని 1-10-1 అనే సూత్రంగా ప్రచారంలోకి తెచ్చారు. మంచులాంటి నీటిలో పడితే ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. కాళ్ళూ చేతులూ మాట వినే సమయం 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పేలోగా సుమారు 1 గంట. ఇవి అందరికీ ఒకేలా వర్తించే అంకెలు కావు. సరైన దుస్తులుంటే వ్యవధి పెరుగుతుంది. కాని వరుస మాత్రం అదే. ముందు ఊపిరి, తరువాత కండరాలు, ఆ తరువాత స్పృహ.

కనుక మొదటి మడుగులో దిగే ముందు ముఖం మీద, మెడ మీద నీళ్ళు చల్లుకోండి. కాలర్ పట్టుకుని దుస్తుల లోపలికి కొంచెం నీరు పోనివ్వండి. అవకాశం ఉంటే మొదటిసారి దూకకుండా మెల్లగా దిగండి. నీళ్ళలోకి వెళ్ళాక కంగారుగా చేతులు కొట్టకుండా, తేలుతూ, ఊపిరి నెమ్మదిగా బయటికి వదలండి. మాట్లాడగలుగుతున్నారంటే అదురు తగ్గిందని అర్థం.

గజగజ వణుకు మంచిదే

మీకిచ్చే రబ్బరులాంటి దుస్తుల పేరు వెట్ సూట్. అది నియోప్రీన్ అనే పదార్థంతో చేసినది. అందులో సన్నటి గాలి బుడగలుంటాయి. అవి ఒంటి వేడి బయటికి పోకుండా అడ్డుకుంటాయి. సూటు ఒంటికి అతుక్కుని ఉంటేనే పని చేస్తుంది. వదులుగా ఉంటే ప్రతి దూకుడుకూ కొత్త చన్నీరు లోపలికి వచ్చి, లోపల వెచ్చబడిన నీరు బయటికి పోతుంది. “కాస్త లూజుగా ఉంటే సుఖం” అని పెద్ద సైజు తీసుకోకండి. చిరిగినదిస్తే మార్చమని అడగండి. అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

మన ఒంటి లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. అది 35 కన్నా తగ్గితే ప్రమాదం మొదలయినట్టే. వణుకు అంటే కండరాలు వేడి పుట్టించుకోవడం. అందుకని వణికేవాణ్ణి చూసి నవ్వకండి. అతని శరీరం ఇంకా పోరాడుతోంది. భయపడవలసింది వణుకు ఆగిపోయినప్పుడు. మాట ముద్దగా రావడం, హెల్మెట్ బకిల్ పెట్టుకోలేకపోవడం, చదును నేల మీద తూలడం, పిలిస్తే ఆలస్యంగా పలకడం, ఎప్పుడూ లేనిది మొండికెయ్యడం — ఇవి మెదడు చల్లబడుతున్న గుర్తులు. ఆ స్థితిలో ఉన్నవాడు “నాకేం కాలేదు” అనే అంటాడు. అతని మాట నమ్మకండి. పక్కవాళ్ళే గమనించి గైడుకు చెప్పాలి. సన్నగా ఉన్నవారికీ, పిల్లలకూ, పొద్దున ఏమీ తినకుండా వచ్చినవారికీ చలి త్వరగా ఎక్కుతుంది.

దూకడం

ఈ సరదాలో అందరికీ భయం వేసేది దూకుడే. నిజానికి మంచి గైడు చూపించిన చోట, చెప్పిన పద్ధతిలో దూకితే భయం కొంతవరకు అనవసరం. పద్ధతి తప్పితే మాత్రం నీరు నీరులా ఉండదు. 3 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు నుంచి దూకినవాడు నీటిని తాకేసరికి గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. 10 మీటర్ల నుంచయితే సుమారు 50 కిలోమీటర్లు. ఆ వేగంతో కూర్చున్నట్టుగా పడితే దెబ్బంతా నడుము మీద పడి వెన్నుపూస నలుగుతుంది. చేతులు బార్లా చాపి పడితే భుజం కీలు ఊడుతుంది. లోతు తక్కువయితే చీలమండ విరుగుతుంది. తలకిందులుగా దూకితే మెడ విరిగి జన్మంతా మంచం మీదే.

కనుక ఎప్పుడూ కాళ్ళే ముందు. రెండు కాళ్ళూ దగ్గరగా, మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు ఛాతీకి ఆనించి, చూపు ఎదురుగా ఉంచి దూకాలి. కిందికి చూస్తే ఒళ్ళు ముందుకు వాలుతుంది. బండ మీద జారేటప్పుడు వెల్లకిల పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకోవాలి. మోచేతులు పక్కకు చాపితే రాతికి కొట్టుకుంటాయి. తాడు మీద జలపాతంలో దిగుతున్నప్పుడు నీరు ముఖం మీద పడితే తల పైకెత్తకండి. గడ్డం కిందికి దించండి. హెల్మెట్ అంచు గొడుగులా పనిచేసి, ముక్కు దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి కాస్త చోటు దొరుకుతుంది. జుట్టు పొడుగ్గా ఉన్నవారు గట్టిగా ముడివేసుకుని హెల్మెట్ లోపలికి తోసెయ్యాలి. తాడు జారే ఇనుప పరికరంలో జుట్టు చిక్కుకుంటే మధ్యలో వేలాడవలసి వస్తుంది.

ప్రవాహం లాక్కుపోతే వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందు పెట్టుకోండి. వేగంగా పారే నీళ్ళలో లేచి నిలబడే ప్రయత్నం చెయ్యకండి. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది.

ఇంకొక మాట. దూకడం ఇష్టం లేకపోతే దూకవద్దు. “నేను దూకను” అనడానికి సిగ్గుపడవలసిన పనిలేదు. మంచి గైడు అలాంటివారిని తాడుతో దించుతాడు, లేదా పక్కదారి చూపిస్తాడు. వేరే దారి ఉందో లేదో బయలుదేరే ముందే అడగండి. ఉత్సాహం లేకుండా, వెనకనుంచి ఎవరో తోస్తే దూకినవారే సగంలో కాళ్ళు ముడుచుకుని పద్ధతి తప్పి పడతారు.

పైన కురిసిన వాన

ఇంతవరకు చెప్పినవి మీ చేతిలో ఉన్నవి. ఇక మీ చేతిలోనూ, ఒక్కొక్కసారి గైడు చేతిలోనూ లేనిది ఒకటుంది. మీరున్నచోట ఎండ కాస్తుండవచ్చు. వాగులో నీరు వచ్చేది మాత్రం ఎగువనుంచి.

1999 జులై 27న ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెటెన్ లోయలోని వాగులో కాన్యనింగ్ చేస్తున్నవారి మీద హఠాత్తుగా వరద విరుచుకుపడింది. ఎగువ కొండల్లో ఉరుములతో కురిసిన వాన ఒక్కసారిగా గండిలోకి వచ్చింది. 21 మంది చనిపోయారు. వారిలో 18 మంది యాత్రికులు, ముగ్గురు గైడ్లు. గైడ్లు కూడా ఉన్నారని గమనించండి. యాత్ర నిర్వహించిన సంస్థకు చెందిన ఆరుగురిని 2001లో అక్కడి న్యాయస్థానం దోషులుగా తేల్చింది. 2014 జనవరి 1 నుంచి స్విట్జర్లాండ్‌లో ఇలాంటి యాత్రలు వ్యాపారంగా నడిపేవారికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టం అమలులోకి వచ్చింది.

ఇది పరాయి దేశపు సంగతి అనుకోవద్దు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో తెలుగువారెవరూ మరిచిపోలేరు. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలోని రాళ్ళ మీద నిలబడి ఉండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. ఆనాడు అక్కడ వాన కూడా లేదు. స్విట్జర్లాండ్‌లో విద్యుత్ కేంద్రాల దిగువన నదుల ఒడ్డున హెచ్చరిక బోర్డులుంటాయి. మంచి వాతావరణంలో కూడా నీరు హఠాత్తుగా పెరగవచ్చునని వాటి సారాంశం. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో తీయించుకునేవారు దాన్ని చదివితే బాగుండును.

కాబట్టి డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మీకు ప్రభుత్వ అనుమతి ఉందా? ఒక్కొక్క గైడుకు ఎంతమంది? ఎగువన ఆనకట్ట ఉందా, ఉంటే వారితో మాట్లాడారా? వాన సూచన ఉంటే యాత్ర రద్దుచేసి డబ్బు వాపసిస్తారా? ఈ నాలుగింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పేవారి దగ్గరికే వెళ్ళండి. యాత్ర రద్దయిందంటే గొడవపడకండి. “ఇంత దూరం వచ్చాం, టిక్కెట్ల డబ్బు దండగ” అని గైడును బతిమాలడం, ఒత్తిడి పెట్టడం అసలు పనికిరాదు.

గండిలో ఉండగా నీరు ఒక్కసారిగా మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా, రాతి మీది తడిగుర్తు పైకి జరిగినా, ఎగువనుంచి గుయ్‌మనే చప్పుడు వినిపించినా వెంటనే గైడుకు చెప్పండి. అతను ఎక్కమన్న చోటికి ఎక్కండి. నీటితో పోటీపడి కిందికి పరుగెత్తకండి. సెల్‌ఫోను, సంచీ, చెప్పు కోసం వెనక్కి తిరగకండి.

కాగితంలో ఏమి రాయాలి?

ఇప్పుడు మళ్ళీ ఆ కాగితం దగ్గరికి వద్దాం.

గుండెజబ్బు ఉన్నవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు, మూర్ఛలు వచ్చేవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, చెవి కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, వెన్నుపూసలో డిస్కు జారినవారు, ఎముకలు గుల్లబారినవారు ఈ సరదా మానుకోవడం మంచిది. మూర్ఛ విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏడాది నుంచి రాలేదు కదా అని దాచకండి. నీళ్ళలో ఒక్క అరనిమిషం స్పృహ తప్పినా చాలు. భుజం కీలు ఒకసారి ఊడినవారికి మళ్ళీ ఊడటం తేలిక. ఆ సంగతి ముందే చెప్పి దూకుళ్ళు మానెయ్యాలి.

ఉబ్బసం ఉన్నవారు అందరూ మానుకోనక్కరలేదు. అయితే చల్లటి గాలి, చన్నీరు, ఆయాసం మూడూ కలిస్తే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. గత నెలరోజుల్లో రాత్రిళ్ళు ఆయాసంతో లేచినవారు వెళ్ళకూడదు. అదుపులో ఉన్నవారు డాక్టరును అడిగి, పీల్చే మందు వెంట తీసుకెళ్ళాలి. గైడు దగ్గర నీరు చొరబడని డబ్బా ఉంటుంది. మందు అందులో ఉండాలి, వ్యానులో వదిలిన చొక్కా జేబులో కాదు. గండి మధ్యలోనుంచి వ్యాను దగ్గరికి దారి ఉండదు. కాగితంలో “లేదు” అని రాసినవాడి మందు ఎప్పుడూ వ్యానులోనే ఉంటుంది. ఈ ఒక్క కారణానికయినా నిజం రాయండి.

చక్కెరవ్యాధి ఉన్నవారికి ఇంకొక చిక్కు. రక్తంలో చక్కెర పడిపోయినా వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం ఉంటాయి. చలి ఎక్కినా అవే లక్షణాలు. గైడుకు మీ వ్యాధి తెలియకపోతే రెండోదే అనుకుంటాడు. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెర తగ్గించే మాత్రలు వేసుకునేవారు ఆ రోజు మోతాదు గురించి తమ డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. గ్లూకోజ్ బిళ్ళలు గైడు డబ్బాలో పెట్టించాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వెళ్ళకపోవడమే మేలు. రాయి కోసినా తెలియదు.

రక్తం పలచబడే మందులు వాడేవారు చిన్న దెబ్బనయినా తేలికగా తీసుకోకూడదు. వారికి దూకుళ్ళు తగవు.

ముందు రోజు, ఆ రోజు

ముందు రాత్రి మద్యం ముట్టవద్దు. మద్యం చర్మంలోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది. తాగినవాడికి వెచ్చగా అనిపిస్తుంది, లోపల చల్లబడుతుంటాడు. రాత్రి బాగా నిద్రపోండి. పొద్దున రెండు గంటల ముందు ఉప్మా, రొట్టె, అరటిపండు లాంటి తేలికగా అరిగి బలమిచ్చేవి తినండి. ఉపవాసం ఉన్న రోజున వెళ్ళకండి. చన్నీళ్ళలో దాహం తెలియదు కాబట్టి బయలుదేరే ముందే రెండు గ్లాసుల నీళ్ళు తాగండి. ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసి భద్రపరచండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివారు సంగతి గైడుతో చెప్పి, సూటు లోపల బిగుతుగా అంటిపెట్టి ఉంచుకునే ఏర్పాటు చేసుకోవాలి. తిరిగి రాగానే వేసుకోవడానికి పొడిబట్టలు, తువ్వాలు సిద్ధంగా ఉంచుకోండి. మీ ప్రయాణ బీమాలో ఇలాంటి సాహస క్రీడలు చేరి ఉన్నాయో లేదో చూసుకోండి. అన్ని పాలసీలలోనూ ఉండవు.

ఆపద వస్తే

చలి ఎక్కినవాణ్ణి గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, తుడిచి, పొడి దుప్పట్లు చుట్టాలి. పూర్తి తెలివితో ఉంటే వేడి వేడి తీయటి పానీయం ఇవ్వాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు. బ్రాందీ పట్టించకూడదు. దూకిన తరువాత నడుములోనో మెడలోనో నొప్పి అన్నా, కాళ్ళు తిమ్మిరెక్కాయన్నా కదిలించకుండా గైడును పిలవాలి.

నీట మునిగినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇప్పటికీ చూస్తాం. అది తప్పు. దానివల్ల సమయం పోతుంది, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిల పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముందుగా 5 సార్లు నోటితో ఊపిరి ఊదాలి. ఆ తరువాత ఛాతీ మధ్య 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, సహాయం వచ్చేదాకా ఆపకూడదు. యూరప్‌లో అత్యవసర ఫోను నంబరు 112. స్విట్జర్లాండ్‌లో అంబులెన్సుకు 144, రక్షణ హెలికాప్టరుకు 1414.

నీరు మింగి బాగా దగ్గినవారికి కొన్ని గంటల్లో ఆయాసం మొదలయితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. తిరిగి వచ్చిన నెలరోజుల్లోపు చలిజ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే వాగులో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఎలుకలవంటి జంతువుల మూత్రం కలిసిన నీటినుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మొదట్లోనే గుర్తిస్తే మామూలు మందులతో నయమవుతుంది.

మీ సందేహాలు

*ప్రశ్న: నాకు ఈత రాదు. వెళ్ళవచ్చా?*

జవాబు: కొన్ని యాత్రలకు ఈత వచ్చి తీరాలి. తేలికపాటి వాటికి రాకపోయినా తీసుకెళ్తారు. సూటూ, తేలే జాకెట్టూ మిమ్మల్ని తేలుస్తాయి. కాని నీళ్ళంటే కంగారు ఉన్నవారిని అవి కాపాడలేవు. ముందు ఒక ఈతకొలనులో తల ముంచి స్థిమితంగా ఉండగలరేమో చూసుకోండి. ఈత రాదని గైడుకు తప్పక చెప్పండి.

*ప్రశ్న: నా వయసు 56. బి.పి. మాత్రలు వాడుతున్నాను. మా అబ్బాయి రమ్మంటున్నాడు.*

జవాబు: చన్నీటి అదురుకు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుందని చెప్పాను కదా. మీ బి.పి. అదుపులో ఉండి, నాలుగు అంతస్తుల మెట్లు ఆగకుండా, ఛాతీనొప్పీ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగితే, మీ డాక్టరు పరీక్షించి సరేనంటే తేలికపాటి యాత్రకు ఆలోచించవచ్చు. ఆ రోజు మాత్ర మానకండి. ఏమాత్రం అనుమానమున్నా ఒడ్డున నడకదారిలో వెళ్ళి వారు దిగడం చూడండి. అబ్బాయి సరదా చెడదు.

*ప్రశ్న: బహిష్టు రోజుల్లో వెళ్ళవచ్చా?*

జవాబు: వైద్యపరంగా అభ్యంతరం లేదు. లోపల పెట్టుకునే టాంపన్ లేదా కప్పు వాడుకోవాలి. నొప్పి, నీరసం ఎక్కువగా ఉన్న రోజయితే వాయిదా వేసుకోండి.

*ప్రశ్న: కళ్ళద్దాలు లేకుండా నాకు కనపడదు.*

జవాబు: అద్దాలకు తలవెనక పట్టీ కట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులు కొట్టుకుపోవచ్చు, వాగునీటిలోని సూక్ష్మజీవులు వాటికింద చేరి కంటికి జబ్బు చెయ్యవచ్చు. తప్పనిసరయితే ఒక్కరోజు వాడి పారేసే రకం పెట్టుకుని, బయటికి రాగానే తీసెయ్యండి.

*ప్రశ్న: మా అమ్మాయి మ్యూనిక్‌లో చదువుతోంది. ఉబ్బసం ఉంది. వద్దంటే వినదు. ఏం చెప్పమంటారు?*

జవాబు: వద్దని చెప్పకండి. “వెళ్ళు తల్లీ, కాని కాగితంలో నిజం రాయి, మందు గైడు చేతికివ్వు, వాన అంటే తిరిగి వచ్చెయ్యి” అని చెప్పండి. వద్దన్నవారితో పిల్లలు చెప్పకుండా వెళ్తారు. ఈ మూడు మాటలు చెప్పినవారికి సాయంత్రం ఫోను చేసి క్షేమంగా వచ్చామని చెబుతారు.